పానా కంటే ముందు పదో తరగతి

వేసవి వచ్చిందంటే తుని మామిడి మార్కెట్టుకు లారీలు బారులు తీరుతాయి. చెన్నై, కోల్‌కతాలను కలిపే పదహారో నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. తాండవ నది దాటితే పాయకరావుపేట. రహదారి ఉన్నచోట బండ్లు చెడతాయి, బండ్లు చెడేచోట షెడ్లు వెలుస్తాయి. ఆ షెడ్లలో గ్రీజు పూసుకున్న చేతులలో మన బిడ్డల చేతులూ ఉన్నాయి. పదో తరగతి ఫలితాలు వెలువడేదీ ఆ వేసవిలోనే. అప్పుడు ఎన్నో ఇళ్ళలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది: ‘వీణ్ణి చదివిద్దామా, మామూ షెడ్డులో పెడదామా?’ కొన్ని ఇళ్ళలో ఈ ప్రశ్న ఏడో తరగతికే వచ్చేస్తుంది. ఈ విషయమై మేము నిర్మొహమాటంగా మాట్లాడదలచాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాము. మోటారు మరమ్మతు నీచమైన పని కాదు. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) ఇనుముతో కవచాలు చేశారని, తన చేతి కష్టంతోనే భుజించారని విశ్వసించే సముదాయం మనది. నడిరోడ్డు మీద ఆగిపోయిన బండిని చప్పుడు విని రోగమేదో చెప్పగల ఉస్తాద్ విద్య, ఏ పట్టా విద్యకూ తీసిపోదు. పెళ్ళి సంబంధాల వేళ ‘అబ్బాయి మెకానిక్కేనా?’ అని పెదవి విరిచే మన పెద్దలతో మాకు ఏకీభావం లేదు.

అయితే గౌరవమైన పని వేరు, గత్యంతరం లేని పని వేరు. ‘సాయిబుల పిల్లలకు మెకానిక్ పని పుట్టుకతోనే అబ్బుతుంది’ అని లోకం మెచ్చుకుంటుంది. ఆ మెచ్చుకోలు వెనుక సంకెల ఉంది. 2005లో నియమితమై 2006 నవంబరులో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ ఏం చెప్పింది? మోటారు మరమ్మతు వంటి స్వయం ఉపాధి పనులలో ముస్లింలు అధికంగా ఉన్నారని చెప్పింది. నెల జీతపు ఉద్యోగాలలో బహు స్వల్పంగా ఉన్నారనీ చెప్పింది. ఈ రెండు మాటలనూ కలిపి చదవాలి. రెండో తలుపు మూసుకుపోయింది గనుకనే మొదటి తలుపు దగ్గర రద్దీ పెరిగింది. దానిని పుట్టుకతో వచ్చిన నేర్పు అనడం అన్యాయాన్ని ప్రకృతి ధర్మంగా చూపడమే. ఎంచుకోవడానికి రెండు దారులు ఉన్నప్పుడే నిర్ణయం నిర్ణయమవుతుంది. ఒక్క దారే ఉంటే అది తలరాత పేరు పెట్టుకున్న పేదరికం.

‘డిగ్రీలు చదివినవాళ్ళే ఖాళీగా తిరుగుతున్నారు, షెడ్డులో పెడితే నాలుగేళ్ళలో ఇల్లు నిలబెడతాడు’ అని తల్లిదండ్రులు అంటారు. ఈ వాదనను మేము తేలికగా తీసిపారేయము. అప్పు తీర్చవలసిన ఇంట్లో రోజుకూలి విలువ మాకు తెలుసు. కానీ షెడ్డులోనే కాలం మారిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్ముడయ్యే కొత్త వాహనాలన్నీ బీఎస్-6 ప్రమాణాలకు లోబడినవే. నేటి ఇంజను లోపాన్ని చెవి ఒక్కటే పట్టలేదు. స్కానరు తగిలించి, తెర మీది సంకేతాన్ని చదివి, సెన్సార్ ఎక్కడ తప్పిందో గ్రహించాలి. బ్యాటరీ బండ్లు వస్తున్నాయి. వాటికి విద్యుత్ పరిజ్ఞానం కావాలి. ఏడో తరగతిలో బడి మానిన బాలుడు ఆ తెర ముందు నిరక్షరాస్యుడే. వాడు జీవితాంతం పానా అందించే చేయిగానే మిగిలిపోతాడు; చదివినవాడు వచ్చి యజమాని అవుతాడు. అంటే షెడ్డు కోసమైనా బడి కావాలి.

ఇక మన ఉస్తాదులకు ఒక కఠినమైన మాట. 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని 2016 చట్ట సవరణ శాసించింది. మోటారు గ్యారేజీలను బాలలకు నిషిద్ధమైన చోట్ల పట్టికలో చట్టం అంతకుముందే చేర్చింది. ‘మన రక్తమే, మన షెడ్డే’ అనే సాకు పిల్లవాడి బడి గంటలను మింగడానికి చెల్లదు. ప్రభుత్వం మనకు అన్యాయం చేసిందని సభలలో గర్జించి, ఇంటికి వచ్చి పన్నెండేళ్ళ మేనల్లుడి చేత టైరు విప్పించడం ఏ న్యాయం?

మరి దారి ఏది? పదో తరగతి పూర్తయ్యాక, పిల్లవాడికి నిజంగా ఇంజను మీద మనసుంటే, ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు ఉంది, రెండేళ్ళ శిక్షణ. ఆ పైన అప్రెంటిస్‌గా భత్యంతో పని నేర్చుకునే హక్కును 1961 నాటి చట్టమే కల్పించింది. ప్రవేశాలలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2007 నాటి ఆ చట్టంపై వ్యాజ్యం సాగినా, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. దూదేకుల సోదరులకు బీసీ-బి ఉంది. ఈ జాబితాలలో చేరని సయ్యద్, పఠాన్ కుటుంబాలలోని పేదలు ఆర్థిక బలహీన వర్గాల కోటాను అడగాలి. కుల ధ్రువపత్రం కోసం ఫలితాలు వచ్చాక పరుగెత్తడం కాదు, తొమ్మిదో తరగతిలోనే తెచ్చి ఉంచాలి. ఇప్పటికే షెడ్డులో ఉన్న యువకులకు, పరీక్షించి నైపుణ్య ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కౌశల్ వికాస్ యోజనలో ఉంది, దానిని వాడుకోవాలి.

పాలకులను కూడా అడుగుతున్నాము. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, మోటారు మెకానిక్ లేడు. రాష్ట్రంలో 2019లో వాహన మిత్ర పేరిట సొంత ఆటో, టాక్సీ నడుపుకునేవారికి ఏటా 10,000 రూపాయలు ఇచ్చారు, మంచిదే. ఆ ఆటోను బాగుచేసేవాడు ఎవరి లెక్కలోనూ పడలేదు. స్కానరు కొనడానికి మైనారిటీ ఆర్థిక సంస్థ ద్వారా సులభ రుణం, తుని వంటి రహదారి పట్టణాలలో షెడ్లకు శాశ్వత స్థలం, కంటికీ చేతికీ ప్రమాద బీమా: ఇవి దయాధర్మాలు కావు, శ్రమకు దక్కవలసిన హక్కులు.

గోదావరి తీరంలో మన సంఖ్య పలుచన. ఓట్ల లెక్క చూసి మన గడప తొక్కేవారు తక్కువ. అందుకే మన నిర్ణయాలు మరింత ఆలోచించి చేయవలసినవి. ఈ వేసవిలో ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలో బడి మానిన పిల్లలెందరో లెక్కతీయాలి. వారిని జూన్‌లో తిరిగి బడికి చేర్చాలి. మన బిడ్డ మెకానిక్ కావచ్చు, ఇంజనీరు కావచ్చు, ఉపాధ్యాయుడు కావచ్చు. ఏది కావాలన్నా ఆ మాట వాడి నోటి నుంచి రావాలి. ఆ మాట చెప్పగల వయసు వచ్చేదాకా వాడి చేతిలో పుస్తకమే ఉండాలి.