ఆ మూడు మీటర్లు అడిగిందెవరు?

అనంతపురం నుంచి బెంగళూరు దిక్కుగా పోతుంటే హైవే పక్కన సిమెంటు కమాన్లు వరసగా కనపడతాయి. కొన్నిటి మీద దేవుడి పేరు, కొన్నిటి మీద మనమెవరం చూడని విదేశీ ఊరి పేరు. లోపల సున్నం కొట్టిన రాళ్లు, ఒక తారు రోడ్డు, వాడిపోయిన నాలుగు కొబ్బరి మొక్కలు. మనుషులు మాత్రం ఉండరు. పదేళ్ల కిందట అక్కడ శెనక్కాయ వేసేవాళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప అనుకునే ఎర్రనేల ఇది. మూడేళ్లకొకసారి విత్తనం ఖర్చు కూడా రాని పంట కంటే రాళ్లు పాతిన ప్లాటే నయమని రైతు అనుకుంటే తప్పేముంది?

మా నాయన కూడా అట్లానే అనుకున్నాడు. అయితే ఆయన అమ్మలేదు, కొన్నాడు. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ అన్నారు. ఆ మాట విన్నాక జిల్లాలో రాళ్లగుట్టకు కూడా రేటు వచ్చింది. అనంతపురం శివార్లలో, ఎర్రమంచికి అరవై కిలోమీటర్లకు పైగా ఇవతల వేసిన వెంచర్ బ్రోచర్ మీద కూడా కారు బొమ్మే. అందులోనే మా నాయన రెండున్నర సెంట్లు తీసుకున్నాడు. కంతులు కట్టాడు, రిజిస్ట్రేషన్ అయ్యింది, ఇంట్లో స్వీట్లు పంచాం. ఇల్లు కట్టుకుందామని ప్లాన్ అప్రూవల్‌కి పోయినప్పుడు గానీ తెలియలేదు, లేఅవుటుకు అనుమతే లేదని. క్రమబద్ధీకరణకు, అదే ఎల్‌ఆర్‌ఎస్‌కి, దరఖాస్తు పెట్టుకోమన్నారు. వెంచర్ వేసినాయన ఆఫీసుకు పోతే అక్కడ ఇప్పుడు మొబైల్ రిపేరు షాపు ఉంది.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదని మీకు తెలుసు. మీ చుట్టాల్లోనూ ఒకరు ఉండే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఆ మోసం గురించి కాదు, నియమాలు ఎవరు రాయిస్తారు అన్నదాని గురించి. ఎల్‌ఆర్‌ఎస్ ఫారం నింపుతూ కూర్చున్న రాత్రి నాకు ఈ అనుమానం పట్టుకుంది.

అదే వారం అమెరికాలో ఉన్న మా కాలేజీ సీనియర్ ఫోన్ చేశాడు. డల్లాస్ దగ్గర ఉంటాడు, పగలు కోడ్ రాస్తాడు, శని ఆదివారాలు మనవాళ్లకు ఇళ్లు చూపిస్తాడు. లైసెన్సున్న రియల్టర్. "రేయ్, ఈసారి అసోసియేషన్ బిల్లులో ఇంకో లైను ఉంది, ఇష్టమైతేనే కట్టమన్నారు, కట్టినా" అన్నాడు. ఏమిటన్నా అది అంటే, పొలిటికల్ యాక్షన్ కమిటీకి చందా అట.

ప్యాక్ అనగానే మనకు ఎన్నికల వ్యూహాలు అమ్ముకునే ఐ-ప్యాక్ గుర్తొస్తుంది, లేకపోతే పార్టీల్లో ఉండే రాజకీయ వ్యవహారాల కమిటీ. ఇది ఆ రెండూ కాదు. అమెరికాలో ఫెడరల్ ఎన్నికల్లో కంపెనీ తన ఖజానాలోంచి అభ్యర్థికి నేరుగా డబ్బు ఇవ్వకూడదు. అందుకని ఒక వృత్తిలో ఉన్నవాళ్లు ఎవరి జేబులోంచి వాళ్లు తీసి ఒక నిధిలో వేస్తారు. ఆ నిధి అభ్యర్థులకు ఇస్తుంది. ఒక్కో ఎన్నికకు ఒక్కో అభ్యర్థికి ఐదు వేల డాలర్లు దాటకూడదు. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 1908 నాటిది, వాళ్ల ప్యాక్ 1969లో పుట్టింది. రెండు పార్టీల వాళ్లకూ ఇస్తారు. ఎందుకంటే వాళ్లకు కావలసింది పార్టీ కాదు. ఇంటి లోను వడ్డీ మీద పన్ను మినహాయింపు, ఆస్తి పన్ను, బీమా లాంటి విషయాల్లో తమ మాట వినే మనిషి కావాలి.

"దానివల్ల నీకేం లాభం అన్నా?" అన్నాను. "నేనొక్కణ్ణి పోతే సెనేటర్ ఆఫీసులో అటెండర్ కూడా మాట్లాడడు. లక్షల మంది తలా కొంచెం వేస్తే వాళ్లే ఫోన్ చేస్తారు" అన్నాడు. నిజమే, దాని విలువ అదే. అంతకంటే నాకు నచ్చింది వేరే ఉంది. ఏడాదిలో 200 డాలర్లు దాటి ఇచ్చినవాడి పేరు, ఊరు, ఉద్యోగం, మొత్తం, తేదీ అన్నీ వాళ్ల ఎన్నికల కమిషన్ వెబ్‌సైటులో ఉంటాయి. అనంతపురంలో కూర్చుని నేను కూడా వెతకొచ్చు. మా సీనియర్ పేరు వెతికాను, దొరకలేదు. అంటే 200 దాటలేదన్నమాట. మాటలు మాత్రం సెనేటర్ లెవెల్లో చెప్పాడు.

అమెరికావాళ్లు పెద్ద సత్యసంధులని కాదు. అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా, బయట ఉండి ఎంతైనా ఖర్చు పెట్టే సూపర్ ప్యాక్‌లు 2010 నుంచి అక్కడా ఉన్నాయి. ఇంత బలమున్న రియల్టర్ల సంఘాన్ని కూడా కమీషన్ల విషయంలో 2023 అక్టోబరులో కాన్సాస్ సిటీ జ్యూరీ తప్పుపట్టింది. మరుసటి ఏడాది 41.8 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నారు. చందా చట్టసభ గడప వరకు పనికొచ్చింది, కోర్టు గడప దగ్గర పనికి రాలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడా బిల్డర్లకు సంఘాలున్నాయి. నరెడ్కో 1998లో కేంద్ర గృహనిర్మాణ శాఖ ఆశీస్సులతోనే మొదలైంది. క్రెడాయ్ 1999లో వచ్చింది. ప్రాపర్టీ షోలు పెడతారు, మంత్రులను పిలుస్తారు, వినతిపత్రాలు ఇస్తారు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇటుక బట్టీ కూలి నుంచి టైల్స్ మేస్త్రీ దాకా ఎందరో బతికే వ్యాపారం అది. అనుమతికి ఏడాది పడితే ఆ ఏడాది వడ్డీ చివరికి కొనేవాడి నెత్తినే పడుతుంది. దాని గురించి ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సిందే.

అడిగితే ఏం జరుగుతుందో ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. మన రాష్ట్రంలో 2025 జనవరిలో లేఅవుట్ నిబంధనలు మార్చారు. అంతకుముందు లేఅవుట్‌లో 12 మీటర్ల రోడ్లు వదలాలని ఉన్నచోట 9 మీటర్లు చాలన్నారు. వినడానికి చిన్న మార్పు. నేను ఊరికే లెక్క వేశాను. వంద మీటర్ల పొడవు రోడ్డు మీద మూడు మీటర్లు తగ్గితే 300 చదరపు మీటర్లు మిగులుతుంది. సెంట్లలో ఏడు దాటుతుంది. మా నాయన కొన్నలాంటి ప్లాట్లు దాదాపు మూడు! అదీ ఒక్క వంద మీటర్లకే. ప్లాట్లు పెరిగితే రేటు కాస్త తగ్గి నాలాంటివాడు కొనగలుగుతాడేమో. లేదా రేటు అంతే ఉండి, బోరు లారీ లోపలికి తిరగడానికి తిప్పలు పడుతుందేమో. ఏది జరిగినా నా ప్రశ్న ఒకటే. ఆ మూడు మీటర్లు అడిగిందెవరు? ఎప్పుడు అడిగారు, ఏ కాగితం మీద? జీవోలో అది రాయరు. బిల్డర్లే అడిగారని నేను అనడం లేదు. పల్లెల్లో చిన్న లేఅవుట్ వేసుకునే రైతు అడిగి ఉండొచ్చు, అధికారులకే తోచి ఉండొచ్చు. తెలుసుకునే దారి మాత్రం నాకు లేదు.

రెరా చట్టం కథ ఇంకా బాగుంటుంది. మన దగ్గర తీసుకున్న డబ్బులో ఎంత భాగం వేరే బ్యాంకు ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టుకే వాడాలి అన్నది అందులో అసలు గుండెకాయ. 2013లో రాజ్యసభలో పెట్టిన బిల్లులో 70 శాతం దాకా అన్నారు. 2015కి వచ్చేసరికి అది 50 అయ్యింది. అంత డబ్బు ఖాతాలో ఇరుక్కుంటే పని ఎట్లా సాగుతుందన్నది బిల్డర్ల వాదన. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ మాటే. కానీ ఈసారి ఢిల్లీ, నోయిడా, ముంబయిల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఫ్లాటు రానివాళ్లు కూడా జట్టుకట్టారు. ఫైట్ ఫర్ రెరా అని సంఘం పెట్టి ఎంపీల చుట్టూ తిరిగారు. 2016 మార్చిలో చట్టం పాసయ్యేటప్పటికి అంకె మళ్లీ 70. అంతేకాదు, మొదటి బిల్లు వెయ్యి చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టులకే రిజిస్ట్రేషన్ అంటే, చట్టంలో అది 500కి దిగింది. ప్లాట్ల వెంచర్లు కూడా ఇందులోకే వస్తాయి. మా నాయన కొన్న రోజుకి ఈ చట్టం అమల్లో ఉంది. రెరా నంబరు అడగాలని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు, ఇంజినీరింగ్ చదివి కూడా.

ఆ అంకె 70 నుంచి 50కి, మళ్లీ 70కి తిరిగిన రెండు మూడేళ్లలో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో మనకు తెలుసా? చట్టప్రకారం కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వొచ్చు. మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటకూడదని హద్దు ఉండేది, 2017లో దాన్ని ఎత్తేశారు. తర్వాతి ఏడాది ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఇచ్చినవాడి పేరు బ్యాంకుకు తెలుస్తుంది, జనానికి తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది, ఎత్తేసిన హద్దునూ తప్పుపట్టింది. మార్చిలో జాబితా బయటికొచ్చింది. 966 కోట్లతో రెండో పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్. వాళ్లు ప్లాట్లు అమ్మేవాళ్లు కాదు, ఎత్తిపోతలు, రోడ్లు కట్టేవాళ్లు. రియల్ ఎస్టేట్‌లో డీఎల్‌ఎఫ్ గ్రూపు కంపెనీలవి 170 కోట్లు. ఆ రోజు ఆఫీసులో మేమంతా పని పక్కన పెట్టి ఆ జాబితాలు ఎక్సెల్‌లోకి మార్చుకుని వెతికాం. కోర్టు గట్టిగా పట్టుబడితే తప్ప దొరకని లిస్టు అది. డల్లాస్‌లో మా సీనియర్‌ది అయితే వెబ్‌సైటులో పేరు కొడితే చాలు.

లెక్క బయట లేకపోతే ఏమవుతుందో అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,800 ఎకరాల పైచిలుకు భూమి ఇచ్చారు, వైఎస్ ప్రభుత్వం ఉన్నప్పుడు. ఉద్యోగాలొస్తాయని రైతులు తక్కువ రేటుకే వదులుకున్నారు. హబ్ రాలేదు. అందులో కొంత భూమి బ్యాంకు తాకట్టుకు పోయింది. ఇచ్చిపుచ్చుకున్నారన్న ఆరోపణ మీద సీబీఐ కేసు పెట్టింది. అది నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. అక్కడ చేను పోయిన రైతుకు మాత్రం ఎవరు ఎవరిని ఏం అడిగారో తెలుసుకోవడానికి సీబీఐ చార్జిషీటు తప్ప వేరే కాగితం లేదు.

అందుకే నాది కొంచెం తిక్క అభిప్రాయం. మన బిల్డర్లకు కూడా అట్లాంటి బహిరంగ నిధి ఒకటి ఉంటే మంచిదంటాను. ఈ మాట అంటే మా మామ నవ్వాడు. ఆయన చిన్నపాటి మధ్యవర్తి, ప్లాట్లు చూపించి కమీషన్ తీసుకుంటాడు. "అల్లుడూ, ఇక్కడ బిల్డరు నాయకుడికి చందా ఇయ్యడు, బిల్డరే నాయకుడు. ఇంక నిధి ఎవరికి?" అన్నాడు. నా దగ్గర సరైన జవాబు లేదు. నిధి పెట్టినా అందులో రూపాయి వేసి, బయట సంచిలో పది రూపాయలు ఇచ్చేవాళ్లు ఉంటారని నాకూ తెలుసు. అయినా ఆ ఒక్క రూపాయైనా పేరుతో, తేదీతో కనపడితే, తర్వాత వచ్చే జీవో పక్కన పెట్టి చూసుకోవచ్చు కదా. ఇప్పుడు పక్కన పెట్టుకోవడానికి ఏమీ లేదు. నిజాయితీగా నడిపే బిల్డరుకు కూడా అదే లాభం. తను అడిగింది బాహాటంగా అడిగానని చూపించుకోవచ్చు, మొబైల్ రిపేరు షాపుగా మారిన ఆఫీసువాళ్లతో కలిపి తిట్లు తినక్కర్లేదు.

మరి కొన్నవాళ్ల సంగతి? మా వెంచర్‌లో 112 ప్లాట్లు. ఐదేళ్లు ఎవరి పాటికి వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒకే అధికారి ఒకే జవాబు మాకు విడివిడిగా చెప్పాడు. ఫైట్ ఫర్ రెరా గురించి చదివాక, మొన్న సంక్రాంతికి వాట్సాప్ గ్రూపు పెట్టాను. అరవై ఎనిమిది మంది దొరికారు. ఒకాయన కువైట్‌లో డ్రైవరు, ఒకామె కదిరిలో టీచరు, ఇద్దరు రిటైరైన కండక్టర్లు. సర్వేయరును పెట్టి మొత్తం కొలిపించి, అందరి దరఖాస్తులూ ఒకటిగా పట్టుకుని పోదామని అనుకున్నాం. మనిషికి ఐదు వందలు. ఎవరు ఎంత వేశారు, ఎప్పుడు వేశారు, దేనికి ఖర్చయింది అన్నది గూగుల్ షీటులో పెట్టి గ్రూపులో అందరికీ లింకు ఇచ్చాను. "మన పేర్లు అట్లా బయట పెట్టడం అవసరమా" అని ఒక కండక్టరు పెద్దాయన అడిగాడు. "టికెట్ ఇయ్యకుండా డబ్బులు తీసుకుంటారా సార్" అన్నాను. నవ్వి, ఫోన్‌పే చేశాడు.

ఇప్పటికి అరవై రెండు మంది కట్టారు. మిగిలిన ఆరుగురి పేర్ల ఎదురుగా షీటులో ఎర్రరంగు ఉంది. అందులో మా మామ ఒకడు.