పూలు చూస్తే చాలదు, తేదీ రాయాలి

మార్చి నెలాఖరు వచ్చిందంటే జపానులో జనం తోటలకు బయలుదేరతారు. టోకియోలోని షింజుకు గ్యోయెన్, ఉయెనో పార్కు, క్యోటో దగ్గరి అరషియామా కొండవాలు... ఎక్కడ చూసినా తెల్లగా, లేత గులాబీ రంగులో విరబూసిన చెర్రీ చెట్లే. వాటి నీడన పట్టాలు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలే కూర్చుంటాయి. ఈ వేడుకను ‘హనామి’ అంటారు. అంటే పూలను చూడటం. చెట్టు నిండుగా పూసి ఉండేది దాదాపు వారం రోజులే. అందుకే అంత ఆరాటం!

చూసి ఆనందించడం మంచిదే. కాని చూసి ఊరుకుంటే ఆ పూలు ఆ వారంతోనే సరి. పూసిన తేదీని రాసిపెడితే అదే విజ్ఞానమవుతుంది. ఇందుకు క్యోటో నగరమే సాక్ష్యం.

క్యోటో చాలాకాలం జపానుకు రాజధాని. అక్కడి రాజులు, ఆస్థాన ఉద్యోగులు, బౌద్ధ భిక్షువులు తమ దినచర్య పుస్తకాలలో పూల విందులు ఏ రోజున జరిగాయో రాసుకున్నారు. యసుయుకి ఆవోనో అనే శాస్త్రజ్ఞుడు ఆ పాత పుస్తకాలను ఓపికగా వెతికి, కొండ చెర్రీ చెట్లు నిండుగా పూసిన తేదీలను వరసగా పేర్చారు. వాటిలో మొదటిది క్రీ.శ. 812 నాటిది! నడుమ కొన్ని ఏళ్ల లెక్క దొరకకపోయినా, ఒకే ఊరిలో పూలు పూసిన తేదీల పట్టిక ఇంత పొడవైనది ప్రపంచంలో మరొకటి లేదు. టోకియోలో వాతావరణ పరిశీలన మొదలైనది 1875లో. ఉష్ణమాపకాలు లేని ఆ వెయ్యేళ్ల వసంతాలు ఎంత వెచ్చగా ఉండేవో ఇప్పుడు ఆ పూల తేదీలే చెబుతున్నాయి.

పూలకూ వేడికీ సంబంధమేమిటి? చెర్రీ మొగ్గ ముందు ఏడు వేసవిలోనే తయారై నిద్రపోతుంది. శీతకాలపు చలి ఆ నిద్రను వదిలిస్తుంది. ఆ తర్వాత వచ్చే వెచ్చదనంతో మొగ్గ పెరిగి విచ్చుకుంటుంది. వసంతం త్వరగా వేడెక్కితే పూలూ త్వరగా వస్తాయి. 19వ శతాబ్ది తొలినాళ్లలో క్యోటోలో చెర్రీ నిండుగా పూసేది సుమారు ఏప్రిల్ మధ్యలో. 2021లో మార్చి 26కే పూసింది. అప్పటిదాకా దొరికిన లెక్కలలో అంతకంటె ముందు తేదీ లేదు. నగరం పెరగడం వల్ల పుట్టిన వేడి కొంత, భూగోళమంతా వేడెక్కడం కొంత ఇందుకు కారణాలు.

జపాను వాతావరణ శాఖ 1953 నుంచి దేశమంతటా ఈ పని పద్ధతిగా చేస్తోంది. ఒక్కో ఊరిలో ఒక నమూనా చెట్టు ఉంటుంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే పూత మొదలైనట్టు, 80 శాతం విచ్చుకుంటే నిండుగా పూసినట్టు. ఎక్కువ ఊళ్లలో ఆ చెట్టు ‘సొమెయ్ యొషినో’ రకం. ఇవన్నీ అంటుకట్టి పెంచినవి కనుక ఒకే చెట్టుకు నకళ్లు. కాబట్టి రెండు ఊళ్ల మధ్య పూత తేదీ మారితే, ఆ తేడా ముఖ్యంగా వాతావరణానిదే.

ఆ శాఖ చెర్రీనే కాక మొత్తం 34 రకాల మొక్కలను, 23 రకాల జంతువులను గమనించేది. స్వాలో పిట్ట, కప్ప, మిణుగురు పురుగు ఏటా మొదటిసారి ఎప్పుడు కనిపించాయో రాసేది. 2021 జనవరి నుంచి వీటిని 6 రకాల మొక్కలకు కుదించింది. జంతువులను పూర్తిగా వదిలేసింది. కార్యాలయాల చుట్టూ నగరాలు పెరిగిపోయి అవి కనిపించడం కష్టమైందన్నది శాఖ చెప్పిన కారణం.

ఈ కారణం కొట్టిపారేయదగినది కాదు. అయినా ఆ నిర్ణయం సరైనది కాదని మా అభిప్రాయం. నిన్నటిదాకా కనిపించిన మిణుగురు ఈ ఏడు కనిపించలేదంటే, అది రాయదగిన విషయం కాదా? ‘కనిపించలేదు’ అనేది కూడా ఒక లెక్కే. ఉష్ణమాపకం ఉందిగా అనవచ్చు. అది ఎంత వేడో చెబుతుంది కాని, ఆ వేడికి ప్రాణులేమవుతున్నాయో చెప్పదు. పైగా పాత వసంతానికి మళ్లీ వెళ్లి చూసి రాలేము. సంతోషించదగిన విషయమేమంటే, 2021లోనే జాతీయ పర్యావరణ అధ్యయన సంస్థ ఔత్సాహికుల సాయంతో ఈ పరిశీలనలను కొనసాగించడానికి పూనుకుంది.

ఔత్సాహికులంటే ఎవరు? మీవంటివారే! ఉగాది పచ్చడి కోసం మన ఇళ్లలో ఏటా వేపపూత కోసం చూస్తాం. కాని మొదటి పువ్వు ఏ రోజున విచ్చుకుందో రాసుకునేవారు అరుదు. మీ బడిలోనో, వీధిలోనో ఒక వేపచెట్టును ఎంచుకోండి. మొదటి పూలు విచ్చుకున్న తేదీ, నిండుగా పూసిన తేదీ ఒక పుస్తకంలో రాయండి. ఏటా అదే చెట్టును చూడాలి. ఊహించి రాయకూడదు. మీరు పదో తరగతి పూర్తిచేసి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని ఆరో తరగతి పిల్లలకు అప్పగించండి.