నాలుగంతలు



క్రిందటి మాసమున క్షమను గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి యొక సోదరి మాకిట్లు జాబు వ్రాసినది: “తప్పు చేసినవారు ఏకాంతమున భగవంతుని యెదుట కన్నీరు విడిచినచో చాలదా? మరల మనుష్యుల వాకిట నిలువనేల?” ఆ జాబును చదివి, మడిచి, పెట్టె యడుగున దాచితిమి. సోమరితనముచే గాదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు మాకు మొగము చెల్లకపోయెను. కారణము తరువాత విన్నవించెదము.

మేము బాల్యమున తండ్రిగారి యొద్ద భారత భాగవతములు చదువుకొన్నవారము. సువార్తలు మా చేతికి వచ్చుట పెండ్లియైన పిదప, మా వారి పాఠశాలలోని పుస్తకముల బీరువా నుండి. వానిలో లూకా వ్రాసినది మాకు మిక్కిలి యిష్టము. అందు ఇండ్లున్నవి, భోజనపు బంతులున్నవి, పోయిన యొక్క నాణెము కొరకు దీపము వెలిగించి యిల్లెల్ల నూడ్చి వెదకుకొను స్త్రీ యున్నది.

తెలుగు బైబిలునందు “మారుమనస్సు” అను మాట తరచుగా వచ్చును. గ్రీకు మూలమున దానికి మెటానోయియా యని పేరు. మనస్సు మారుట యని యర్థము. దాని వెనుక నున్న హీబ్రూ మాట షూబ్ ఇంకను సూటియైనది: వెనుకకు తిరుగుట, తిరిగి వచ్చుట. ఏడ్చుట యనునది రెండింటిలోను మొదటి యర్థము గాదు. లాటిను అనువాదమున నది ప్రాయశ్చిత్తము చేయుట యన్నట్లు వినబడుచుండగా, 1517లో మార్టిన్ లూథరు తన 95 ప్రతిపాదనలలో మొదటిదానినే దీనికి కేటాయించి, భక్తుని జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెననియే క్రీస్తు కోరెనని వాదించెను. ఒకనాటి వ్రతముతో ముగియునది కాదన్నమాట.

యోర్దాను నదీ ప్రాంతమున బాప్తిస్మమిచ్చు యోహాను బోధించుచుండగా జనులు “మేమేమి చేయవలయును?” అని యడిగిరట. అతడు ఉపవాసములు చెప్పలేదు. రెండంగీలు గలవాడు లేనివానికొకటి యీయవలెననెను. సుంకరులు వచ్చి యడుగగా, నిర్ణయించినదానికంటె మించి వసూలు చేయకుడనెను. సైనికులడుగగా, ఎవరిని బెదరించి లాగుకొనకుడు, ఎవరిపైనను లేని నింద మోపకుడు, జీతముతో తృప్తినొందుడనెను. ఎవరి వృత్తిలో వారు చేయు తప్పు వారికే తగిలినది. గృహిణులెవరైన వచ్చి యడిగినట్లు అందు వ్రాయబడలేదు. అడుగకుండుటయే మేలైనదేమో!

ఇక మేము చెప్పదలచిన కథ జక్కయ్యది. యెరికో పట్టణము సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్లు దిగువనున్న పల్లపు భూమి. ఖర్జూరములకును, సుగంధపు జిగురునిచ్చు మొక్కల తోటలకును పేరెన్నిక గన్నది. అచ్చట సుంకము వసూలు చేయువారికి జక్కయ్య పెద్ద. రోమకుల పాలనలో ఇట్టి సుంకములు గుత్తకిచ్చు వాడుక గలదు. గుత్త యనిన మన పాఠకురాండ్రకు చెప్పనక్కరలేదు. మామిడితోట గుత్త తీసికొన్నవాడు చెట్టున పిందెనైన మిగులనీయడు. ఇచ్చట చెట్లకు బదులు మనుష్యులు.

అతడు పొట్టివాడు. యేసు ఆ దారిని వచ్చుచున్నాడని విని, గుంపులో కనబడక, ముందుకు పరుగెత్తి మేడిచెట్టెక్కినాడు. ఆ దేశపు మేడి మన మేడికి దగ్గర చుట్టము. క్రిందనే కొమ్మలు పెట్టును గనుక ధనికుడైనను ఎక్కగలిగినాడు. మేడిపండును గూర్చి మనవారాడుకొను మాట తెలిసినవారికి, లోపల పురుగుపట్టినవాడు ఆ చెట్టుమీదనే కూర్చుండుట చూడ నవ్వు వచ్చును. యేసు చెట్టు క్రింద నిలిచి, పేరు పెట్టి పిలిచి, దిగి రమ్మనియు, నేడు నీ యింటనే బస యనియు చెప్పెను. జనులు సణుగుకొనిరి.

ఇచ్చట వరుస గమనింపుడు. శిష్యుడనగా బోధింపబడువాడు, శిక్షణకు లోబడువాడు. మన సంప్రదాయమున శిష్యుడు సమిధలు చేతబట్టుకొని గురుగృహమునకు పోవును. ఇచ్చట గురువే శిష్యుని యింటికి వచ్చినాడు. అదియు అతడొక్క కాసైనను తిరిగి యీయకముందే వచ్చినాడు. తరువాత నిచ్చినది ఆ రాకకు వెల గాదు. ఆ రాకచే బుట్టినది. క్రైస్తవులు కృప యను మాటను ఎందుకంత గట్టిగా పట్టుకొందురో మాకీ ఘట్టమునందే తెలిసినది.

అప్పుడు జక్కయ్య నిలువబడి, ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, ఎవరి యొద్దనైన అన్యాయముగా తీసికొనియున్న నాలుగంతలు మరల నిత్తుననియు పలికెను. మోషే ధర్మశాస్త్రము ప్రకారము, తనంతట తాను తప్పొప్పుకొన్నవాడు మూలధనమును, దానిపై ఐదవ వంతును ఇచ్చిన చాలును. నాలుగంతలనునది గొఱ్ఱెను దొంగిలించి కోసినవానికో అమ్మినవానికో విధించు శిక్ష. అనగా జక్కయ్య తన్ను తాను ఒప్పుకొన్నవారి పంక్తిలో గాక దొంగల పంక్తిలో కూర్చుండబెట్టుకొన్నాడు.

ఇంకొక మాట. మా వారి మిత్రులొకరు గ్రీకు నేర్చినవారు చెప్పగా మాకు తెలిసినది. జక్కయ్య “అన్యాయముగా తీసికొనుట” కు వాడిన క్రియయు, యోహాను సైనికులతో “లేని నింద మోపుట” కు వాడిన క్రియయు ఒక్కటే. క్రొత్త నిబంధన యంతటిలో ఆ క్రియ ఈ రెండు చోట్లనే వచ్చునట. ఇది విన్న దినమున మాకు అన్నము సయింపలేదు.

సంక్రాంతి దినములలో మా ఆడపడుచు పసిబిడ్డకు అన్నము ముట్టింపదలచి వెండి ఉగ్గుగిన్నె వెదకగా కనబడలేదు. ఇల్లు తుడుచు ఆమె ముందునాడు ఆ గదిలో నుండెను. మేము ఆమెను వీథి వాకిట నిలువబెట్టి యడిగితిమి. నాలుగిండ్లవారు విన్నారు. ఆమె ఒట్టుపెట్టుకొని, యేడ్చి వెళ్లిపోయినది. ఆ వారములోనే మఱి రెండిండ్లవారు ఆమెను పనికి రావలదనిరి. వైశాఖమున పాత పొత్తిగుడ్డల మూట విప్పగా గిన్నె దొరకినది. దానిని చుట్టిన గుడ్డ ముడి మా చేతి ముడియే.

ఆ రాత్రి దేవుని యెదుట మిక్కిలి యేడ్చితిమి. తెల్లవారుసరికి మనస్సు తేలికపడినది. సోదరి జాబు వచ్చినది ఆ మరునాడే.

మా వారు లెక్కల ఉపాధ్యాయులు. సంగతి విని, మమ్మేమియు ననక కాగితము తీసి లెక్క వేసిరి. ఇంటికి నెలకు వేయి రూపాయల చొప్పున, మా యిల్లుతో కలిపి మూడిండ్లకు నాలుగు నెలలు, పండ్రెండు వేలు. ఐదవ వంతు కలిపిన 14,400. నాలుగంతలైన 48,000, అది మా శక్తికి మించినది. జక్కయ్య ధనికుడని లూకా వ్రాయుట ఊరకే కాదని తోచెను. మొదటి మొత్తమును రెండు దఫాలుగా నిత్తుమని నిశ్చయించి, ఆమెకు కబురంపి, వంటయింట కూర్చుండబెట్టి, గిన్నె చూపి, తప్పు మాదని చెప్పి, సగము సొమ్ము చేతిలో పెట్టితిమి.

ఆమె లెక్కించుకొని కొంగున ముడివేసికొన్నది. తరువాత నెమ్మదిగా, “అమ్మగారూ, ఆనాడు వీథిలో అన్నారు. ఈనాడు వంటింట్లో చెబుతున్నారు,” అనినది. అంతే. మరల పనిలోనికి రమ్మని యడిగితిమి గాని, రానన్నది. అది ఆమె యిష్టము.

జక్కయ్య కూర్చుండి గాదు, నిలువబడి పలికెనని సువార్తలో నున్నది. అది ఇన్నిమార్లు చదివియు మేము గమనింపలేదు. యేసు అతనిని యిల్లు వాకిలి విడిచి తన వెంట రమ్మనలేదు. లేవి యను సుంకరి సమస్తమును విడిచిపెట్టి వెంబడించెను. ఇతడు యెరికోలోనే నిలిచినట్లు కనబడును. తాను దోచుకొన్నవారి మొగములనే దినదినము చూచుచు బ్రతుకుట ఇతని శిష్యత్వము. ఇల్లు విడువజాలని మనవంటివారికి ఈ రెండవ త్రోవ సులభమని తలచియుంటిమి. పొరబాటు.

మరునాడు వీథిలోనికి పోయితిమి. మొదటి యింటి యిల్లాలు విని, కంట నీరు పెట్టుకొని, ఆమెకు తానే కబురంపెదనన్నది. రెండవ యింట, “పోనిద్దురూ, ఆ గిన్నె కాకపోతే ఇంకొకటి తీసే ఉంటుంది,” అనిరి. ఆ మాటకు విత్తనము వేసినది మేమే గదా! కాదని మరల చెప్పితిమి. వారు కాఫీ త్రాగుమనిరి. త్రాగక, ఆ గడపలోనే నిలిచి మూడవమారు చెప్పితిమి. వారు నమ్మినట్లు లేదు. ఆదివారమునాడు మరల పోవలసియున్నది.

మూడవ యింటివారు ఊరలేరు. రేపు వచ్చెదరట.