వినడం మా స్వభావం కాదు, మా పని

"కోడింగ్ రాకపోతే ఏముందమ్మా, బి.ఏ. చెయ్యి. ఆడవాళ్లకి అది తేలిగ్గా వచ్చేస్తుంది."

ఈ మాట నేను మొదటిసారి విన్నది అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల మీద. అమెరికాలో హెచ్4 వీసా మీదున్న భార్యల్లో కొందరికి 2015లో ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చాక, అక్కడున్న మా పిన్ని కూతురికీ ఇదే సలహా దొరికింది. ఇక్కడ బి.ఏ. అంటే డిగ్రీ కాదు, బిజినెస్ అనలిస్ట్. ఆ ఉద్యోగమే చాలా ఏళ్లుగా చేస్తున్నదాన్ని కాబట్టి, ఈ "తేలిక" ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోవాలనిపించింది.

ముందు ఆ పనేమిటో చెప్తాను. సాఫ్ట్‌వేర్ కావాలన్న సంస్థకి తనకేం కావాలో పూర్తిగా తెలీదు. తయారుచేసేవాళ్లకి ఆ సంస్థ పని తెలీదు. వాళ్లిద్దరి మధ్యా నిలబడి, ఇప్పుడు పనెలా జరుగుతోందో, రేపెలా జరగాలో, ఎక్కడ చిక్కొస్తుందో అడిగి, చూసి, అనుమానం లేకుండా రాసిపెట్టడం మా పని. "త్వరగా రావాలి" అని రాస్తే చెల్లదు, "మూడు సెకన్లలో రావాలి" అని రాయాలి. మేం రాయని విషయం తయారయ్యే సాఫ్ట్‌వేర్‌లో చాలాసార్లు ఉండదు.

కొన్నేళ్ల కిందట మహిళా పొదుపు సంఘాల అప్పులకి ఒక యాప్ తయారు చేస్తున్నాం. "సభ్యురాలి మొబైల్‌కి ఓటీపీ వెళ్తుంది, అది కొడితే అప్పుకి ఒప్పుకున్నట్టు" అని క్లయింట్ ఇచ్చిన కాగితంలో ఉంది. మీటింగులో అందరూ తలూపారు. నేను నల్గొండ జిల్లాలో ఒక ఊరికి వెళ్లి సంఘం ఆడవాళ్లతో కూచున్నాను. "మీకు ఫోనుందా?" అని అడిగుంటే "ఉంది" అనేవాళ్లు, నా పని అయిపోయేది. అలా అడగలేదు. "పోయిన కిస్తీ కట్టిన రోజు పొద్దున్నుంచీ ఏమేం చేశారో చెప్పండి" అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి ఒకామె అంది: "ఫోన్ మా ఆయన తీస్కపోతడు గద మేడం. మెసేజ్ వస్తే ఆయనే సూస్తడు." ఇంకొకామె ఇచ్చిన నంబరు హైదరాబాదులో ఉన్న కొడుకుది.

అంటే ఆమె పేరు మీద అప్పు, ఒప్పుకోలు మాత్రం మొగుడి జేబులో! సభ్యురాలు సంఘం సమావేశంలో ఎదురుగా ఉన్నప్పుడే ఒప్పుకోలు నమోదు కావాలని మార్చి రాశాను. దానికోసం రెండు వారాలు వాదించాను.

ఆ ఏడాది అప్రైజల్‌లో మా మేనేజరు అన్నమాట: "మనుషుల చేత మాట్లాడించడం నీకు పుట్టుకతోనే వచ్చింది. టెక్నికల్‌గా మాత్రం కొంచెం తక్కువ." నేను రాసిచ్చిన దాన్ని స్క్రీన్‌గా మార్చిన సహోద్యోగికి నాకంటే మంచి రేటింగ్ వచ్చింది. అతనిమీద నాకు కోపం లేదు. నా కోపమంతా "పుట్టుకతో" అనే ఆ మాట మీదే.

పుట్టుకతో రాలేదు. అభిప్రాయం కాకుండా జరిగినదాన్ని అడగాలని, మౌనాన్ని భయపడి నింపెయ్యకూడదని, అందరి బదులూ మాట్లాడే మనిషిని మెల్లగా పక్కకి జరపాలని తప్పులు చేసి నేర్చుకున్నాను. 2003లో కెనడాలో మొదలైన అంతర్జాతీయ బిజినెస్ అనలిస్టుల సంస్థ తన మార్గదర్శక గ్రంథంలో ఇలా సమాచారం రాబట్టడాన్ని ప్రత్యేక విభాగంగా పెట్టింది. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. పరీక్ష పెట్టి కొలిచేది స్వభావమెలా అవుతుంది? ఆడది చేస్తే మాత్రం అది "సాఫ్ట్ స్కిల్" అవుతుంది. వంట ప్రేమ, పెంపకం మమత, వినడం ఓర్పు! స్వభావానికి జీతమెందుకివ్వాలి?

ఇది కొత్త కథేం కాదు. తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌కి ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు స్త్రీలు. 1946లో దాన్ని లోకానికి చూపించిన రోజు వాళ్లకి గుర్తింపు దక్కలేదు. అప్పట్లో అది గుమాస్తా పని కింద లెక్క. మగవాళ్లు పెద్దసంఖ్యలో చేరాక అదే పని మేధస్సు అయింది, జీతాలు పెరిగాయి.

మనమూ కొంత ఒప్పుకోవాలి. స్త్రీలు సహజంగానే వింటారు, కలుపుకుపోతారు అని మన వ్యాసాల్లో ఎన్నిసార్లు మురిసిపోయాం? ఆ పొగడ్తే అప్రైజల్ కాగితంలో మనకి ఎదురొస్తోంది.

ఇదంతా ఒక ఉద్యోగిని జీతం గొడవేనని తీసెయ్యకండి. దరఖాస్తులో ప్రతి గడీ ఎవరో ఒకరు నిర్ణయించి పెట్టినదే. పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరిగా ఉండేది. ఒంటరి తల్లి పెంచిన బిడ్డ తల్లి పేరొక్కటే ఇవ్వడానికి వీలు కలిగింది 2018 డిసెంబరులో. అన్నేళ్లూ ఆ పిల్లలు ఆ గడి ముందు ఆగి ఏం రాయాలో తెలీక నిలబడ్డారు. ఎవర్ని అడగాలన్నది రాజకీయ ప్రశ్న. డబ్బిచ్చేవాడిని మాత్రమే అడిగి రాసే అనలిస్టు, ఆడైనా మగైనా, వాడి గుమాస్తాయే. నేనూ చాలాసార్లు అలాగే రాశాను.

ఇప్పుడు మీటింగంతా విని రిక్వైర్‌మెంట్లు రాసిచ్చే ఏఐ పనిముట్లొచ్చాయి, ఇక మీరెందుకంటున్నారు. మీటింగులో అన్నమాటని అవి రాయగలవు. ఆ మీటింగుకి పిలవని నల్గొండ ఆమె మాట వాటికెలా అందుతుంది?

అందుకే అడుగుతున్నాను. అడగడం, వినడం, రాయడం నైపుణ్యాలుగా అప్రైజల్‌లో చేర్చండి, వాటికి విలువ కట్టండి. వాడేవాళ్లని అడగకుండా తయారైన కాగితం మీద సంతకం పెట్టనని చెప్పే హక్కు మాకివ్వండి. ఇక అమీర్‌పేట మెట్ల మీద నిలబడ్డ అమ్మాయికి నా మాట: ఇది తేలిక పని కాదు. నేర్చుకో. నేర్చుకున్నాక ఎవరైనా "నీకది సహజం" అంటే, నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో లెక్కచెప్పి, దానికి తగ్గ జీతం అడుగు.