గోత్రం మారిన తరువాత ఇంటిపేరు కోసం ఒత్తిడి ఎందుకు?

హైదరాబాదు పాతబస్తీలో పెండ్లి జరిగి, వరుడు అమెరికాకు తిరిగి వెళ్ళి, భార్య కోసం ఐ-130 అర్జీ దాఖలు చేసిన ఇంట పెద్దలు అడిగే ప్రశ్న వీసా గురించి మాత్రమే కాదు. కోడలు ఇంటిపేరు ఇంకా ఎందుకు మార్చుకోలేదని కూడా అడుగుతారు. పాస్‌పోర్టులో పుట్టింటి పేరు నిలిచి ఉంటే వివాహసంస్కారమే అసంపూర్ణమన్నట్లు మాట్లాడుతారు. 'ధర్మం' అనే మహాశబ్దాన్ని అందుకు సాక్ష్యంగా పిలుస్తారు. ఆ సాక్ష్యం చెల్లదు.

వివాహంలో మారేది గోత్రం. సప్తపదితో వధువు భర్తృగోత్రాన్ని పొందుతుందన్నది సంప్రదాయంలో స్థిరపడిన మతం. గృహ్యసూత్రాలు విధించిన వివాహక్రమంలో ఇంటిపేరు ప్రసక్తి లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ సైతం, సప్తపది ఆచారంగా ఉన్నచోట, ఏడవ అడుగుతో వివాహం పూర్ణమవుతుందని చెప్పింది. వీసా వంటి అవసరాల కోసం సంస్కారం జరగకుండానే వివాహాన్ని నమోదు చేయించుకొనే పోకడను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. విహితకర్మ లేని నమోదు హిందూ వివాహాన్ని సృష్టించలేదని స్పష్టం చేసింది. కాగితం వివాహాన్ని సృష్టించలేనప్పుడు కాగితంపైని పేరు దానిని భంగపరుస్తుందా?

ఇంటిపేరు వ్యవహారసిద్ధం. ఒక ఊరు, ఒక వృత్తి, ఒక పూర్వపురుషుడు దానికి మూలం. అన్నమయ్య ఇంటిపేరైన తాళ్ళపాక కడప సీమలోని గ్రామం. ఊరిపేరు సంస్కారాంగం ఎలా అవుతుంది?

ఇతిహాసాలు చెప్పేదీ ఇదే. రఘువంశంలో అడుగుపెట్టిన తరువాత కూడా సీతామాత జానకి, వైదేహి, మైథిలి. కౌసల్య, కైకేయి, గాంధారి, మాద్రి, ద్రౌపది: అందరూ పుట్టింటి పేరుతోనే మహారాజ్ఞులు. పరమశివుని అర్ధాంగి పార్వతి, హైమవతి. ఆషాఢంలో మహంకాళి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డ అని భావించి లాల్‌దర్వాజా సింహవాహినికి బోనమెత్తే పాతబస్తీలో, కోడలి పుట్టింటి పేరు అపచారమెట్లయింది?

ఇక్కడ వేదాంతం చదివిన కొందరు అడ్డు వస్తారు. నామరూపాలు మిథ్య, మట్టియే సత్యమని ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బోధించలేదా, ఆ పేరును పట్టుకొని వ్రేలాడటం అవిద్య కాదా, అంటారు. ఈ ఉపదేశం వధువుకే ఎందుకు? పేరు మిథ్య అయితే, అత్తింటి పేరు కూడా అంతే మిథ్య. దానిని పాస్‌పోర్టులో చూడనిదే నిద్రపట్టనివారిది ఏ అద్వైతం? పరమార్థదృష్టిని పరులకు పంచిపెట్టి, వ్యవహారంలోని అధికారాన్ని తమ వద్దనే ఉంచుకోవడం వైరాగ్యం కాదు.

వ్యవహారానికి దాని నియమాలున్నాయి. భారతదేశంలో వివాహం జరిగినంత మాత్రాన భార్య పేరు మారదు. మార్చుకొమ్మని ఏ చట్టమూ శాసించదు. వివాహానంతరం స్త్రీలు పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కరలేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి బహిరంగంగానే ప్రకటించారు. అమెరికా అధికారులు దంపతుల బంధం యథార్థమా కాదా అని పరీక్షిస్తారు: కలిసి గడిపిన కాలం, ఉత్తర ప్రత్యుత్తరాలు, ఆర్థిక సంబంధాలు, ఛాయాచిత్రాలు. ఒకే ఇంటిపేరు ఉండితీరాలనే నియమం వారికి లేదు. మరోవైపు, అర్జీ ఒక పేరుతో, పాస్‌పోర్టు మరొక పేరుతో, పట్టా, ఆధార్, పాన్ ఇంకొక పేరుతో ఉంటే ప్రతి భేదానికీ సమాధానం చూపవలసిన భారం ఆ అమ్మాయిదే. ముంబయి కాన్సులేటులో ఇంటర్వ్యూకు నిలబడేది ఆమె, ధర్మోపన్యాసం చేసిన పెద్దలు కారు. (తెలుగువారు ముందు వ్రాసుకొనే ఇంటిపేరు అక్కడ చివరిపేరు అవుతుంది, అది వేరొక చిక్కు.)

కుటుంబమంతా ఒకే పేరుతో ఉండాలన్న పెద్దల ఆకాంక్షలో ప్రేమ లేకపోలేదు. దానికి తొందర లేదు. అక్కడ స్థిరపడి, పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు చేసే సమయంలో సైతం పేరు మార్పు కోరే అవకాశం ఉంది. అప్పుడు కోరేది ఆమె కావాలి.

కేసు నడుస్తుండగానే ఇప్పటికే పేరు మార్చుకొన్నవారు కలవరపడనక్కరలేదు. పేరు మార్పు దోషం కాదు, దాచడం దోషం. గోత్రం అడిగినప్పుడు సత్యకామ జాబాలుడు కల్పన చేయలేదు. తల్లి చెప్పినది చెప్పినట్లే నివేదించాడు, హారిద్రుమత గౌతముడు ఆ సత్యాన్ని చూసే శిష్యునిగా స్వీకరించాడు. ఐ-130లోనూ డీఎస్-260లోనూ పూర్వనామాలను అడిగే గడి ఉంటుంది. అక్కడ పుట్టింటి పేరు వ్రాయాలి. పాత పాస్‌పోర్టును భద్రపరచాలి. వివాహ ధ్రువపత్రాన్ని జతచేయాలి. మార్పును కేసు చూస్తున్న కార్యాలయానికి తెలియజేయాలి.