సంఘం ఇంజన్ను గుజరీకి వేయొద్దు



పోయిన ఆదివారం మీటింగు చివర్లో ఒక మాట వచ్చింది. మన సంఘం భవనం వెనక చింతచెట్టు కింద పడి ఉన్న పాత ఆయిలింజన్ను గుజరీ అంగడికి వేసేద్దాం, వచ్చిన దుడ్డుతో కుర్చీలు కొందాం అని. ఎవరూ కాదనలేదు. నేనూ ఆ పూట నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా మాట ముందే చెప్పేస్తా. దాన్ని అమ్మొద్దు. బాగు చేయిద్దాం. ఏడాదిలో కొన్ని రోజులైనా తిప్పుదాం.

ముందు అది ఏమిటో మన పిల్లకాయలకు తెలియాలి. నిటారుగా నిలబడే ఒకే సిలిండరు, అటూ ఇటూ రెండు పెద్ద ఇనుప చక్రాలు. ఒక్కో చక్రం నూరు కిలోల పైమాటే. 6 హెచ్‌పీ, నిమిషానికి 650 చుట్లు. మన పెద్దవాళ్ళు క్రూడాయిల్ ఇంజను అనేవాళ్ళు. ఈ నమూనా పుట్టింది ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్ళో. ఆర్.ఏ. లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతాల్లో మొదలుపెట్టి 1987 దాకా చేసింది. మన దేశంలో అదే నమూనాను గుజరాతులోని రాజకోట కార్ఖానాలు వేల కొద్దీ పోతపోశాయి. మనదీ రాజకోట సరుకే. పూనా కిర్లోస్కర్ వాళ్ళ ఏవీ1 అని ఇంకోటి ఉండేది. 5 హెచ్‌పీ, 1500 చుట్లు, చిన్నది, వడిగా తిరిగేది. మనది దానికి పెద్దన్నలాంటిది. నిదానం, కానీ మొండి.

శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 1902లోనే కరెంటు వచ్చింది. 2007 దాకా మనమూ అదే కోలారు జిల్లా. గనిలో బంగారం తోడడానికి వచ్చిన కరెంటు, మన బావిలో నీళ్ళు తోడడానికి రావడానికి ఇంకో రెండు తరాలు పట్టింది. ఆ మధ్య కాలంలో ముందు ఎద్దులు లాగే కపిల, తర్వాత ఈ ఇంజను మనల్ని బతికించాయి. మన తాలూకాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. పెన్న, పాలారు, పాపఘ్ని, చిత్రావతి అన్నీ ఇక్కడి నంది కొండల చుట్టుపక్కలే పుట్టి, మనకు చుక్క మిగల్చకుండా దిగువకు వెళ్ళిపోతాయి. చెరువు, బావి, ఇవే మన ఏర్లు.

నా వయసువాళ్ళకు ఆ టక్ టక్ శబ్దం గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున ఏ బావి దగ్గర ఇంజను మొదలైందో పడుకున్నచోటే చెప్పేవాళ్ళం. హ్యాండిల్ వేసి నలుగురు తిప్పడం, వడి అందుకోగానే లివరు వదలడం, గొట్టంలోంచి నల్లగా ఒక పొగ చుట్ట పైకి లేవడం. పంపు నీళ్ళు పట్టకపోతే పేడనీళ్ళు పోసి పట్టించడం. సిలిండరు చుట్టూ తిరిగి వెచ్చగా బయటికొచ్చే నీళ్ళ కింద చలికాలం స్నానాలు. ఇవన్నీ తీపి గుర్తులే. కానీ వీటి కోసం ఆ ఇంజను ఉంచమని నేను అడగడం లేదు.

అసలు విషయం ఇది. ఆ ఇంజను ఒక హద్దు లోపల పనిచేసింది.

పైన ఉన్న పంపు కింది నీళ్ళను లాగుతుంది అంటాం గానీ, నిజానికి గాలి బరువే నీళ్ళను పైపులోకి తోస్తుంది. సముద్రమట్టం దగ్గర లెక్క ప్రకారం 34 అడుగుల పైకి అది తోయలేదు. మన చింతామణి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఇంకో మూడు నాలుగు అడుగులు తక్కువ. పైపు రాపిడి, ఫుట్‌వాల్వు లీకు పోగా చేతికి దక్కేది 20, 25 అడుగులే. ఎంత పెద్ద ఇంజను పెట్టినా ఇది మారదు. నీళ్ళు అంతకంటే కిందికి పోతే ఇంజను ఊరికే తిరుగుతుంది, నీళ్ళు రావు. అంటే నీ నీళ్ళు అయిపోయాయి, ఆగు, వాన కోసం చూడు అని యంత్రమే చెప్పేది.

మనం ఆగామా? లేదు. నీళ్ళు దిగితే ఇంజన్నే దించాం. మీలో పాత బావులున్నవాళ్ళు వెళ్ళి లోపలికి తొంగి చూడండి. గోడలో తొలిచిన గట్టు ఒకటి కనబడుతుంది. కొన్ని బావుల్లో దాని కింద రెండోది కూడా ఉంటుంది. ఇంజను కూర్చోబెట్టడానికి తొలిచిన చోట్లు అవి.

ఇప్పుడు నేను ఎప్పుడూ రాయని సంగతి ఒకటి రాయాలి. సంఘం భవనం వెనక ఉన్న ఆ ఇంజను మా ఇంటిది. 1983 ఎండాకాలంలో మా బావి నీళ్ళు మొదటి గట్టుకు అందకుండా పోయాయి. మూడు దూలాలు కట్టి, చైన్ బ్లాకు వేసి, ఇంజన్ను రెండో గట్టుకు దించారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పది రోజులు బాగానే నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం గాలి ఆడలేదు. ఇంజను ఆపి వస్తానని మా పెద్దనాయన మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. పిలుస్తూ వెనకే దిగబోయిన మా చిన్నాయన సగంలోనే తూలాడు, నడుముకు తాడు ఉండబట్టి పైకి లాగారు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ఆ మాట మాకెవరికీ అప్పుడు తెలియదు. బావి దెయ్యం అన్నారు ఊళ్ళో.

ఆ తర్వాత మా నాయన ఆ ఇంజన్ను చూడలేక సంఘానికి ఇచ్చేశాడు. కొన్నేళ్ళు సంఘం బావి మీద నడిచింది. బావి ఎండాక చింతచెట్టు కిందికి చేరింది.

అలాంటి ఇంజన్ను నువ్వెందుకు ఉంచమంటున్నావు అని మా అమ్మే అడిగింది. చాలా ఏళ్ళు నేనూ దాన్ని చూస్తే తల తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, ఇంజను తప్పు చేయలేదు. అది ఆగమంది, మనం వినలేదు. నీళ్ళ వెంట పాతాళానికి దిగే ఆ పరుగును ఆపకుండా, తర్వాత బోరులోకి మార్చాం. సబ్‌మెర్సిబుల్ మోటరు కిందనుంచి తోస్తుంది కాబట్టి దానికి ఆ 25 అడుగుల హద్దు లేదు. 300 అడుగులు పోయి 600, 600 పోయి వెయ్యి, ఇప్పుడు వెయ్యిన్నూరు మాట కూడా వింటున్నాం. కేంద్ర భూగర్భజల మండలి లెక్కల్లో మన తాలూకా మితిమీరి తోడేసిన తాలూకాల్లో ఉంది. ఊరే నీటికంటే తోడే నీరు ఎక్కువ. బోరు ఫెయిలై అప్పులపాలైన ఇల్లు లేని వీధి మన సంఘంలో ఉంటే చెప్పండి.

మన పిల్లకాయలకు బోరు మాత్రమే తెలుసు. నీళ్ళు కంటికి కనబడేవని, ఇన్ని మెట్లు దిగితే చేతికి అందేవని చెబితే కథ అనుకుంటారు. ఆ ఇంజను, ఆ బావి పక్కపక్కన ఉంటే ఇక కథ అనరు. అందుకే నాకది కావాలి.

ఇక మీరు అడగబోయే ప్రశ్నలు.

పొగ వస్తుంది కదా? వస్తుంది. రోజూ నడపమని నేను అనడం లేదు. పొలానికి నీళ్ళు కట్టడానికి సోలారు పంపులు వచ్చాయి, అవే మేలు. దీన్ని సంఘం జాతరనాడు, వానాకాలంలో బావికి నీళ్ళొచ్చినప్పుడు నడుపుదాం. 2021 నవంబరు వానలకు మన జిల్లా చెరువులు మరవ పారాయి, గుర్తుందా? సంఘం బావిలోనూ ఎన్నో ఏళ్ళ తర్వాత నీళ్ళు మొదటి గట్టు దాటి వచ్చాయి. ఆ నీళ్ళు తోడడానికి మన దగ్గర ఏ యంత్రమూ లేదు. ఉన్న ఒక్కటీ పది అడుగుల దూరంలో తుప్పు పట్టి ఉంది.

తిరుగుతుందా అది? తిరుగుతుంది అనే నా నమ్మకం. పోత ఇనుము అంత తొందరగా చావదు. పిస్టన్ పట్టేసి ఉంటే సుత్తితో కొట్టకూడదు. కిరసనాయిలు, డీజిలు కలిపి పోసి వారం పది రోజులు నానబెట్టి, చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టాలి. రింగులు, లైనరు, హెడ్డు గ్యాస్కెట్టు, నాజిలు కొత్తవి వేయాలి. ఈ నమూనాకు రాజకోట నుంచి సామాను ఇప్పటికీ దొరుకుతుంది. నాజిలు విప్పి చేత్తో పంపు కొడితే కీచుమని మంచులా చిమ్మాలి. ధారలా కారితే పనికిరాదు. ఇవన్నీ చెవితో, చేత్తో చెప్పగలిగే మేస్త్రీలు మన ఊళ్ళో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. వాళ్ళు పోయాక ఇంజను ఉన్నా లాభం లేదు. ఐటీఐ చదివే మన పిల్లల్ని నలుగుర్ని వాళ్ళ పక్కన కూర్చోబెడదాం.

ఎవరైనా ఇలాంటి పని చేస్తారా అంటే, ఇంగ్లండులో, అమెరికాలో చేసేవాళ్ళు బోలెడు మంది. కొందరు పాత ట్రాక్టర్లు, కొందరు చెట్లు కోసే పాత చైన్ రంపాలు, కొందరు ఇవే ఇంజన్లు వెతికి తెచ్చి బాగుచేసి నడుపుతారు. మన రాజకోట ఇంజన్లకు వాళ్ళు లిస్టరాయిడ్ అని ముద్దుపేరు పెట్టారు. కొత్తది తెప్పించుకున్నా ముందు మొత్తం విప్పి, లోపల మిగిలిపోయిన పోత ఇసుక కడిగి, ఆ తర్వాతే తిప్పుతారు. ఏడు సముద్రాల అవతలివాళ్ళు అంత శ్రద్ధ చూపే దాన్ని మనం కిలోల లెక్కన తూయిస్తామా?

ఇంకో ముచ్చట. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్ను వేరుశనగ నూనెతో నడిపారు. మన బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉడుపి శ్రీనివాస గారు కానుగ నూనెతో ఇంజన్లు నడిపి చూపించారు. వేరుశనక్కాయ, కానుగ, రెండూ మన చేలగట్ల మీదివే. మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ డీజిలు వాడి, వేడెక్కాక నూనెకు మార్చాలి. లేకపోతే నాజిలు జిగురు పడుతుంది. పిల్లలకు ఇంతకంటే మంచి సైన్సు పాఠం ఉందా?

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీ పడను. ఇంజను మళ్ళీ బావిలోకి దిగకూడదు. గదిలోనూ పెట్టకూడదు. బావి ఒడ్డున గాలి ఆడేచోట సిమెంటు దిమ్మె మీద బిగించాలి. పొగ గొట్టం మనిషి తలకంటే పైకి ఉండాలి. చక్రాలకు, బెల్టుకు ఇనుప జాలీ కట్టాలి. పంచె, చీర కొంగు, చున్నీ దగ్గరికి రాకూడదు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, ఎదురు తిరిగితే చెయ్యి విరుగుతుంది. బావి నీళ్ళు 25 అడుగుల కిందికి పోతే ఆ ఏడాదికి ఇంజను ఆగిపోవాలి. ఆ హద్దును బావి గోడ మీద ఎర్ర రంగుతో గీద్దాం. మొదటి గట్టు, రెండో గట్టు ఎప్పటివో పక్కనే రాద్దాం.

కుర్చీల సంగతి: గుజరీవాడు ఇచ్చే దుడ్డు ఎంతో, దానికి సరిపడా చందా నేను వేస్తాను. కుర్చీలు కొనండి. బాగుచేసే ఖర్చులో సామాను మొత్తం మా అన్నదమ్ములం పెట్టుకుంటాం. మేస్త్రీల కూలి, దిమ్మె ఖర్చు సంఘం భరించాలని నా మనవి. వచ్చే మీటింగులో దీన్ని ఎజెండాలో పెట్టి చేతులెత్తించండి. ఓడిపోతే ఊరుకుంటాను.

మీ ఇళ్ళ దగ్గర, చేల దగ్గర ఇలాంటి ఇంజన్లు పడి ఉంటే కూడా నాకు చెప్పండి. అమ్మేముందు ఒక్క ఫొటో పంపండి చాలు.

మా అమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగు. నిన్న రాత్రి ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, తిప్పే రోజు నన్నూ కూర్చోబెట్టండిరా, దూరంగా, అంది.