గడియారంలో మూడున్నర, ఆకాశంలో ఆరు గంటలు

ఉమ్రాకు బయలుదేరే సోదరులు తమ విమాన టిక్కెట్టు తెచ్చి మాకు చూపడం ఈ మధ్య పరిపాటి అయింది. నంద్యాల, ఆళ్ళగడ్డ వారిలో చాలామంది శంషాబాదు నుండి జిద్దా వెళ్తారు. రాత్రి 10 గంటలకు బయలుదేరి 1.30కి చేరునని ఉంటే, “మూడున్నర గంటలే కదా, హజ్రత్!” అంటారు. బయలుదేరే వేళ మన దేశ కాలమానం, చేరే వేళ సౌదీ కాలమానం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అది కలిపితే ప్రయాణం ఆరు గంటలు. రెండు విమానాశ్రయాల మధ్య గగనమార్గం సుమారు 4,100 కిలోమీటర్లు.

ముందుగా నమాజు సంగతి. ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లే. బజారు పనికి వచ్చిపోయేవారికి ఖస్ర్ లేదు. హనఫీ ఫిఖహ్‌లో దానికి 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణం ఉండాలి. కాని జిద్దాకు సంకల్పించి ఊరి పొలిమేర దాటినవారు నంద్యాలలో ఆగినా ముసాఫిర్లే. అక్కడ జుహ్ర్ ఒంటరిగా చేస్తే రెండు రకాతులే.

అసలు జాగ్రత్త పడవలసింది చివరి గంటలో. ఓడల కాలంలో మన పెద్దలకు యలమ్‌లమ్ మీఖాత్‌గా ఉండేది. నేటి విమానాలు అరేబియా నేల మీదుగా వచ్చి, తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ హద్దును ఆకాశంలోనే దాటుతాయి. విమానం దిగడానికి అరగంట అటూఇటూ ఉండగా సిబ్బంది ప్రకటన చేస్తారు. రాత్రి ప్రయాణంలో నిద్రపోయినవారికి అది వినబడదు. ఇహ్రామ్ వస్త్రాలను పెద్ద పెట్టెలో సర్ది విమానం అడుగున వేయించినవారికి వినబడినా ఫలితం లేదు! సంకల్పం లేకుండా మీఖాత్ దాటితే తిరిగి మీఖాత్‌కు వెళ్ళి ఇహ్రామ్ ధరించాలి. లేకపోతే దమ్‌గా హరమ్ హద్దుల్లో ఒక మేకను జిబహ్ చేయాలి. జిద్దాలో ధరిస్తే చాలుననే పండితులు కొందరు ఉన్నారు. మేము ఆ మాట మీద ఎవరినీ పంపము. వస్త్రాలు శంషాబాదులోనే ధరించండి. విమానం ఎక్కి కూర్చున్నాక, నిద్రకు ముందే, సంకల్పం చేసి తల్బియా పలకండి. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు. ఋతుస్థితిలో ఉన్న సోదరి కూడా మీఖాత్‌కు ముందే సంకల్పం చేయవలసిందే. తవాఫ్ మాత్రం శుద్ధి పొందిన తర్వాత. నేరుగా మదీనా వెళ్ళేవారికి ఈ తొందర లేదు, వారి మీఖాత్ జుల్ హులైఫా.

ఇక రమజానులో పగటి విమానం. ప్రయాణికునికి ఉపవాసం మానే అనుమతి ఉన్నా మనవారు సాధారణంగా మానరు. మన అక్షాంశాల వద్ద సూర్యాస్తమయ రేఖ గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో పడమటికి సాగుతుంది. విమానం వేగం అందులో సుమారు సగం. అందుచేత పడమటికి పోయేవారి పగలు సాగుతుంది, ఒక్కోసారి రెండు గంటలకు పైగా. నంద్యాలలో ఇఫ్తార్ ముగిసి ఇంటివారు ఫోనులో సందేశం పంపినా, కిటికీలో సూర్యుడు కనిపిస్తున్నంతవరకు ఖర్జూరం చేతిలోనే ఉండాలి. క్రింద భూమిపై చీకటి పడినా అంతే, ఎత్తున ఉన్నవారికి సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు. తిరుగు ప్రయాణంలో పగలు కుదించుకుపోతుంది; అప్పుడు జిద్దా గడియారం చూస్తూ కూర్చోనక్కరలేదు.